విజయవాడ సింగ్ నగర్ ఇంటి మెట్లకు కొత్త రెయిలింగ్: పని డైరీ

డిసెంబరు 7, ఆదివారం

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చిన రోజు అమ్మానాన్నలు బయటి మెట్ల మీదుగానే పై గదికి చేరారు. అమ్మ ఒక చేత్తో మందుల సంచి, ఇంకో చేత్తో రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే కింద నుంచి మూడో నిలువు పైపు మొదట్లో కదిలిందట. ఆ సంగతి నాకు చెప్పింది నెల తరవాత. అప్పటి నుంచి ఆ మెట్ల వైపు చూసినప్పుడల్లా నాకు టెన్షనే. చిన్న వెల్డింగ్ ముక్క పెట్టించి ఏడాది నెట్టుకొచ్చాం. సంక్రాంతికి అక్క, బావగారు పిల్లలతో వస్తారు. ఆలోపు పాతది పూర్తిగా తీసేసి కొత్తది నిలబెట్టాలి.

ఇవాళ పాతది కోసి దించాం. ఇల్లు 1996లో కట్టింది. అప్పటి పద్ధతిలో మెట్టులో గుంట తీసి, పైపు దింపి, చుట్టూ సిమెంటు పోశారు. గ్రానైట్ మట్టం దాటి పైన పైపు బాగానే ఉంది. గుంటలో ఉన్న ముక్కా బాగానే ఉంది. సరిగ్గా ఆ రెండూ కలిసే చోట, వాన నీరు నిలిచే వేలెడు మేర, పైపు కాగితంలా అయిపోయింది. మూడోది నేను చేత్తో ఊపగానే విరిగింది. దాని మీద రెండు కోట్లు రంగు ఉంది. రంగు కింద ఇనుము లేదు.

అందుకని కొత్తదానికి ఒక షరతు పెట్టుకున్నాను. పైపు ఎక్కడా సిమెంటులోకి దిగకూడదు. ప్రతి నిలువుకూ అడుగున ప్లేటు ఉండాలి, ప్లేటును బోల్టులతో కాంక్రీటుకు బిగించాలి, రేపు తుప్పు వస్తే విప్పి మార్చుకునేలా ఉండాలి.

ఆటోనగర్‌లో మాకు తెలిసిన వెల్డరన్న కొలతలకు వచ్చాడు. "మెట్టు మీద ప్లేటు పెట్టి నాలుగు 10×75 ఫాస్టనర్లు, అదే బెజ్జంలో విచ్చుకునే బోల్టులు, కొట్టేద్దాం తమ్ముడూ, అరపూట పని" అన్నాడు. పని చక్కగా చేసే మనిషి, నాకు గౌరవం ఉంది. కానీ 75 మి.మీ. బోల్టు గ్రానైట్ దాటి ఎందులోకి దిగుతుందో ఇద్దరికీ తెలియదు. ముందు ఒక బెజ్జం వేసి చూస్తానన్నాను.

డిసెంబరు 13, శనివారం

నా దగ్గర ఉన్నది 13 మి.మీ. ఇంపాక్ట్ డ్రిల్. అల్మారాలు, కర్టెన్ రాడ్లు అన్నీ దీంతోనే బిగించాను, ఇటుక గోడలో వెన్నలా దిగుతుంది. మొదటి మెట్టు మూల కనబడని చోట పరీక్ష బెజ్జం మొదలుపెట్టాను. గ్రానైట్ దాటేదాకా డ్రిల్‌లో దెబ్బ కొట్టే హామర్ మోడ్ వేయలేదు. వేస్తే పలక పగులుతుంది. తడి చేస్తూ, నెమ్మదిగా, మామూలు తిప్పుడుతోనే పోనిచ్చాను.

బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తుపెట్టుకుని, బయటికొచ్చే పొడి రంగు చూస్తూ వెళ్లాను. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఇంతకన్నా విలువైనది ఈ పనిలో ఇంకోటి లేదు. మొదటి 18 మి.మీ. తెల్లటి మెత్తని పొడి, అది గ్రానైట్. తరవాత 30 మి.మీ. బూడిద రంగు, బిట్టు సులువుగా దిగింది. అది పలక కింద వేసిన సిమెంటు మాలు. ఆ తరవాత పొడి ఎర్రగా మారింది. ఇటుక! దాదాపు 70 మి.మీ. ఎర్ర పొడే. ఆపైన మళ్లీ బూడిద రంగు. అక్కడ డ్రిల్ గొంతు మారిపోయింది, ముందుకు కదలనంది.

అంటే మా మెట్లు కాంక్రీటు మెట్లు కావు. కింద ఏటవాలు స్లాబు పోసి, దాని మీద ఇటుకతో మెట్లు పేర్చి, పైన గ్రానైట్ పరిచారు. ఆ కాలపు ఇళ్లలో ఇది మామూలే. వెల్డరన్న చెప్పిన 75 మి.మీ. ఫాస్టనర్‌లో 48 మి.మీ. గ్రానైట్, మాలు తినేస్తే మిగిలిన 27 ఇటుకలో ఉంటుంది. ప్లేటు, నట్టు మందం తీస్తే అదీ ఉండదు. బిగించిన రోజు రాయిలా ఉంటుంది. ఆరు నెలలు జనం పట్టుకుని ఎక్కి దిగితే ఇటుక పొడై వదులవుతుంది.

అసలు కాంక్రీటులోకి ఎంత దిగిందన్నదే లోతు. పలక, మాలు, ప్లాస్టర్ లెక్కలోకి రావు.

ఇంపాక్ట్ డ్రిల్‌తో కాంక్రీటులో ఇంకో 30 మి.మీ. పోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బిట్టు కొన నీలం రంగుకు తిరిగింది. కార్బైడ్ ముక్క అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. ఇక ఆపేశాను.

డిసెంబరు 14, ఆదివారం

రోటరీ హామర్ అద్దెకు తెచ్చాను. బెంజి సర్కిల్ వైపు ఒక అద్దె దుకాణం, రోజు లెక్కన ఇస్తారు. మేస్త్రులు దీన్ని ఏ కంపెనీదైనా హిల్టీ మెషిన్ అనే పిలుస్తారు. ఇదీ, నా ఇంపాక్ట్ డ్రిల్లూ చూడటానికి ఒకే జాతిలా ఉంటాయి కానీ లోపల జరిగే పని వేరు, అది తెలిస్తే నిన్న ఇరవై నిమిషాలు ఎందుకు వృథా అయ్యాయో అర్థమవుతుంది.

ఇంపాక్ట్ డ్రిల్‌లో రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి గీసుకుంటూ తిరుగుతాయి. పన్ను పన్ను మీదికి ఎక్కి దిగినప్పుడల్లా బిట్టు కొద్దిగా ముందుకూ వెనక్కూ కదులుతుంది. నిమిషానికి వేల దెబ్బలు, కానీ ఒక్కోటి చిటికేసినంతే. మనం ఎంత గట్టిగా నెడితే అంత పని. రోటరీ హామర్‌లో సిలిండరు ఉంటుంది, అందులో పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒక ఇనుప దిమ్మెను విసిరి బిట్టు వెనక కొడుతుంది. రెండు మూడు కిలోల మెషిన్‌లోనే ఒక్కో దెబ్బకు 2 నుంచి 3 జౌళ్ల శక్తి. మనం నెట్టక్కర్లేదు, పట్టుకుంటే చాలు. ఇంకా చెప్పాలంటే, బలంగా నెడితే పిస్టన్ పని పాడవుతుంది.

బిట్టు తోక కూడా వేరు. మామూలు చక్‌లో మూడు దవడలు బిట్టును బిగించి పట్టుకుంటాయి, దెబ్బ దవడలకు తగిలి జారుతుంది. ఇందులో ఎస్‌డీఎస్ ప్లస్ అనే 10 మి.మీ. గాడుల తోక. 1975లో బాష్ తెచ్చిన పద్ధతి. లోపలికి తోసి తిప్పితే టక్కున పడుతుంది, బిగించే పని లేదు. బిట్టు చక్‌లో ముందుకూ వెనక్కూ ఒక సెంటీమీటరు ఆడుతుంది. కొత్తవాళ్లు అది వదులైందని కంగారు పడతారు. అది ఆడాలి, అప్పుడే దెబ్బంతా బిట్టుకే తగులుతుంది. తోకకు చిటికెడు గ్రీజు పూయడం మరిచిపోకూడదు.

మెట్ల స్లాబు పక్క అంచున, పాత ప్లాస్టర్ చెక్కి, 12 మి.మీ. బిట్టుతో ఒక బెజ్జం వేశాను. 90 మి.మీ. లోతు నిమిషం లోపే. పొడి మొదటి నుంచి చివరి దాకా ఒకే బూడిద రంగు. ఇదే నాకు కావలసిన చోటు.

డిసెంబరు 16, మంగళవారం

రాత్రి బావగారితో ఫోన్. గుంటూరులో ఉంటారు, సివిల్ ఇంజనీరు. ప్లేట్లు మెట్టు మీద కాకుండా స్లాబు పక్కన పెడదామనుకుంటున్నానని చెప్పాను. "ఆలోచన మంచిదేరా, కానీ పక్కన పెడితే బోల్టు మీద లాగుడు ఎంతో లెక్క వేశావా?" అన్నారు. వేయలేదు. ఆయనే దగ్గరుండి వేయించారు.

చేతి పైపు మెట్టు నుంచి 900 మి.మీ. ఎత్తు. బోల్టులు మెట్టు మట్టానికి ఇంకో 200 కింద. మొత్తం 1100. ప్లేటు ఎత్తు 110, బోల్టులు మధ్యలో, కాబట్టి బోల్టు నుంచి ప్లేటు కింది అంచుకు 55. ఒక మనిషి బయటి వైపుకు ఒరిగి 50 కిలోల బలంతో నెట్టాడనుకుంటే, 50ని 1100తో హెచ్చవేసి 55తో భాగించాలి. 1000 కిలోలు. రెండు బోల్టులుంటే ఒక్కోదాని మీద 500 కిలోల లాగుడు. పైపు గునపంలా పనిచేసి బోల్టును బయటికి పెరుకుతుంది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ తరవాత నేను, "అయితే ఎం12 వేద్దామా, ఎం16 వేద్దామా?" అన్నాను. బోల్టుల్లో ఎం పక్క అంకె దాని లావు, మి.మీ.లలో. ఆయన జవాబు ఈ పని మొత్తానికి దారి చూపింది. ఎం10 స్టెయిన్‌లెస్ బోల్టు తెగాలంటే దాదాపు 4 టన్నులు లాగాలి. మన దగ్గర బోల్టు తెగే ప్రశ్నే లేదు. కాంక్రీటే ముందు పోతుంది. బోల్టును లాగితే దాని అడుగు నుంచి పైకి వెడల్పయ్యే గరాటు ఆకారంలో కాంక్రీటు ముక్క ఊడి వస్తుంది. ఆ గరాటు ఎంత పెద్దదైతే అంత బలం. లోతు 40 నుంచి 80 మి.మీ. చేస్తే బలం రెట్టింపు కాదు, 2.8 రెట్లవుతుంది. గరాటు పూర్తిగా తయారు కావాలంటే బోల్టు చుట్టూ లోతుకు ఒకటిన్నర రెట్ల దూరం కాంక్రీటు ఉండాలి. 90 లోతుకు 135. మా స్లాబు మందం 125, మధ్యలో వేసినా అంచు 62 మి.మీ. దూరంలోనే ఉంది. గరాటులో సగానికి పైగా గాల్లోకి పోతుంది.

పెద్ద బోల్టు వేస్తే పెద్ద బెజ్జం, అంచుకు ఇంకా దగ్గర. లాభం లేదు.

ఇంకో మాట కూడా అన్నారు. ఫాస్టనర్ డబ్బాల మీద వేసే బలాలు సాధారణంగా మన ఎం25 స్థాయి కాంక్రీటుకు. ఇక్కడ ఎం అంటే బోల్టు లావు కాదు, కాంక్రీటు బలం గ్రేడు. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 2000 నుంచి ఆర్‌సీసీకి, అంటే కడ్డీలు వేసిన కాంక్రీటుకు, కనీసం ఎం20 ఉండాలి. 1996లో ఇళ్లకు చాలామంది సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో చేత్తో కలిపి పోసేవాళ్లు, అది ఎం15 లెక్కకు వస్తుంది. డబ్బా మీది అంకెను ఉన్నది ఉన్నట్టు నమ్మడానికి లేదు.

చివరికి తేలినవి: మధ్య నిలువులు నాలుగు కాదు, ఐదు. ప్లేటు వాలు వెంట 250 మి.మీ. పొడవు, మందం 10, బోల్టుల మధ్య 200 దూరం, అప్పుడు రెండు గరాటులు ఒకదాన్నొకటి ఎక్కువ తినవు. చేతి పైపు ఎక్కడా తెగకుండా ఒకటే, దాని వల్ల ఒకచోటి తోపు పక్క నిలువులకూ పంచుకుంటుంది. అట్టడుగు నిలువు నేల మీద కొత్త కాంక్రీటు దిమ్మెకు, అన్నింటికన్నా పైది ల్యాండింగ్ బీముకు. రెండు చివర్లూ గట్టిగా ఉంటే మధ్యలో వాటికి ఊపిరి ఆడుతుంది.

డిసెంబరు 20, శనివారం

వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ కొట్టు. కొట్టు బాబాయ్ ఓపికగా అన్నీ బల్ల మీద పరిచాడు. గంటన్నర అక్కడే ఉన్నాను. ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వివరంగా రాసుకుంటున్నాను.

ముందుగా పిన్ టైప్. బెజ్జంలో పెట్టి నెత్తి మీద మేకును కొడితే అడుగున విచ్చుకుంటుంది. పైపు క్లాంపులు, కేబుల్ ట్రేలకు బాగుంటుంది. మనిషి ఒరిగే చోట నేను వాడను, ఎంత విచ్చుకుందో తెలుసుకునే దారి లేదు.

స్లీవ్ రకం, అంటే అందరూ రావల్ బోల్ట్ అనేది. బోల్టు చుట్టూ రేకు గొట్టం, బిగించేకొద్దీ కొన లోపలికి వచ్చి గొట్టాన్ని విచ్చుతుంది. దీని దగ్గర కొలతల తిరకాసు ఉంది. డబ్బా మీద 10 అని ఉంటే అది బోల్టు కొలతా, గొట్టం కొలతా అని అడిగి తీరాలి. పాత తరహా షీల్డు రకంలో ఎం10 బోల్టుకు 16 మి.మీ. బెజ్జం కావాలి. అడక్కుండా 10 బిట్టు కొనుక్కుని వెళ్తే మళ్లీ వన్‌టౌన్ ట్రాఫిక్‌లో ఇంకో ట్రిప్పు.

రావల్ అనే ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడు. లండన్‌లో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరు బ్రిటిష్ మ్యూజియం గోడలకు దెబ్బ తగలకుండా కరెంటు సామాను బిగించడానికి జనపనార ప్లగ్ కనిపెట్టి, 1911లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఇప్పుడు మనం వాడే నైలాన్ ప్లగ్ 1958లో జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ చేసింది. మనవాళ్లు బోల్టుకీ ప్లగ్గుకీ కూడా ఆ మొదటాయన పేరే పలుకుతున్నారు.

తరవాత బుల్లెట్. లోపల మరలున్న చిన్న గొట్టం, బెజ్జంలో వేసి సెట్టింగ్ పంచ్‌తో కొడితే విచ్చుకుంటుంది. ఎం10కి 12 మి.మీ. బెజ్జం. సీలింగ్ నుంచి రాడ్లు వేలాడదీయడానికి దీన్ని మించింది లేదు. లోతు తక్కువ కాబట్టి నా పనికి కుదరదు.

త్రూ బోల్ట్. దీని గుణం నాకు నచ్చింది: బెజ్జం కొలతే బోల్టు కొలత. ఎం10కి 10 మి.మీ. బిట్టే. ప్లేటును చోట్లో పెట్టి, దాని బెజ్జం గుండానే కాంక్రీటును తొలిచి, బోల్టు కొట్టి బిగించేయొచ్చు. కొనలో ఉన్న క్లిప్పు విచ్చుకుని పట్టుకుంటుంది. వెంటనే బరువు పెట్టొచ్చు. కానీ ఈ విచ్చుకునేవన్నీ కాంక్రీటును పక్కలకు నెడుతూ నిలబడతాయి. చుట్టూ కాంక్రీటు దండిగా ఉంటే ఆ నెట్టుడే బలం. అంచుకు 62 మి.మీ. దూరంలో, పాత 1:2:4 కాంక్రీటులో, బిగిస్తుండగానే అంచు పెళ్లుమని ఊడొచ్చు.

చివరికి కెమికల్ యాంకర్. బెజ్జంలో రెసిన్, అంటే గట్టిపడే జిగురు, నింపి మరలున్న రాడ్ దించితే అది అతుక్కుని నిలబడుతుంది, పక్కలకు నెట్టదు. అంచు దగ్గర పనికి ఇదే. ఎం10 రాడ్‌కు 12 మి.మీ. బెజ్జం, 90 లోతు. స్లాబు మందం కనీసం లోతు కన్నా 30 ఎక్కువ ఉండాలంటారు. ఆ లెక్క బోల్టు దిగే దిశలోది. పక్క నుంచి అడ్డంగా వేసే మా బెజ్జాలకు స్లాబు వెడల్పు అంతా వెనక ఉంది, ఆ చింత లేదు.

బాబాయ్ ఇచ్చిన మొదటి ట్యూబు మీద తేదీ దాటిపోయింది. చూపిస్తే మారుమాట లేకుండా కొత్త పెట్టె తెరిచి ఇచ్చాడు. రెసిన్ కూడా మందులాంటిదే, తేదీ చూడకుండా తీసుకోకూడదు. 300 మి.లీ. ట్యూబు మామూలు సిలికాన్ గన్‌లోనే పడుతుంది. మధ్య నిలువులకు కెమికల్, పైన ల్యాండింగ్ బీము దగ్గర మాత్రం 300 మి.మీ. ఎత్తు బీము, చుట్టూ కాంక్రీటు ఉంది కాబట్టి అక్కడ త్రూ బోల్టులు నాలుగు.

రాడ్లు, నట్లు, వాషర్లు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. మామూలు జింక్ పూతవి మెరుస్తూ చవగ్గా ఉంటాయి, కానీ ఆ పూత 5 మైక్రాన్లే, ఇంటి లోపల పొడి చోట వాడటానికి. బయట వానలో నాలుగైదు ఏళ్లు కూడా అనుమానమే. హాట్ డిప్ గాల్వనైజ్, అంటే కరిగిన జింక్‌లో ముంచి తీసినదైతే, పూత దానికి ఎన్నో రెట్లు మందం, అదీ మంచిదే. ఎం10లో ఆ రోజు దొరకలేదు. సముద్రం మనకు 60 కిలోమీటర్ల పైన ఉంది, అదే మచిలీపట్నంలో ఇల్లైతే ఉప్పు గాలిని ఇంకా బాగా తట్టుకునే 316 రకం తీసుకునేవాడిని.

మామూలు ఇనుప ప్లేటుకు స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే తుప్పు పడుతుందా అని వెల్డరన్న అడిగాడు. రెండు వేర్వేరు లోహాలు తడిలో తాకితే తక్కువ రకంది తినబడుతుంది, నిజమే. కానీ ఇక్కడ తినబడేది పెద్ద ప్లేటు, తినేది చిన్న బోల్టు, కాబట్టి దెబ్బ పలచగా పంచుకుపోతుంది. పైగా ప్లేటుకు జింక్ ప్రైమరు, రంగు ఉంటాయి. తిరగేసి, పెద్ద స్టెయిన్‌లెస్ ప్లేటుకు చిన్న జింక్ బోల్టు వేస్తేనే ప్రమాదం. ఊళ్లో మెరిసే స్టీలు రెయిలింగులు చాలావాటికి అడుగున ఎర్రబడిన బోల్టులు కనబడేది అందుకే.

డిసెంబరు 21, ఆదివారం

సారవ కట్టించాం. పై ప్లేట్ల దగ్గర మూడు మీటర్ల ఎత్తులో, రెండు చేతులతో మెషిన్ పట్టుకుని, నిచ్చెన మీద నిలబడే సాహసం చేయను. బిట్టు ఇరుక్కుంటే మెషిన్ మనిషిని తిప్పేస్తుంది.

ప్లేటు పడే చోట ప్లాస్టర్ అంతా చెక్కేశాం, 15 మి.మీ. ఉంది. రెండు చోట్ల సుత్తితో తడితే గుల్లగా మోగింది, చేత్తోనే ఊడొచ్చింది. దాని మీద ప్లేటు పెట్టి ఉంటే ప్లేటు గాల్లో ఉన్నట్టే.

ప్లైవుడ్ ముక్కతో అచ్చు చేసి బెజ్జాల చోట్లు గుర్తుపెట్టాను. స్లాబు మందానికి సరిగ్గా మధ్యలో వేయడానికి అంచు దూరం ఒక కారణం, కడ్డీలు ఇంకో కారణం. ఏటవాలు స్లాబులో ప్రధాన కడ్డీలు అడుగున ఉంటాయి, వాటి మీద అడ్డ కడ్డీలు. పక్క నుంచి మధ్య మట్టంలో పోతే అవి తగలవు.

పది బెజ్జాల్లో తొమ్మిది హాయిగా దిగాయి. పదోది, ల్యాండింగ్‌కు దగ్గరున్నది, 40 మి.మీ. దగ్గర కణేల్‌మని ఆగింది. పొడిలో వెండి రంగు రజను. కడ్డీ. బావగారికి ఫోటో పంపాను. పాత ఇళ్లలో ఆధారం దగ్గర కడ్డీని అడుగు నుంచి పైకి వంచి తీసుకెళ్లేవాళ్లు, అలా వంచిన చోట అది మధ్య మట్టాన్ని దాటుతుంది అన్నారు. బిట్టు మార్చి కడ్డీని కోసేయడం ఒక దారి అని సారవ మేస్త్రి అన్నాడు. వద్దన్నాను. స్లాబును మోసేది ఆ కడ్డీ. వదిలేసిన బెజ్జం లోతుకు రెండింతల దూరం, అంటే 80 మి.మీ. జరగాలి, పాతదాన్ని గట్టి మాలుతో పూడ్చాలి. ప్లేటు ఒకటి మళ్లీ చేయించాలి. వెల్డరన్నకు ఫోన్ చేస్తే "ఒక్క ప్లేటే కదా, రేపు తెస్తా" అన్నాడు.

దుమ్ము గురించి. ఈ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు లేకుండా మా అబ్బాయిని దగ్గరికి కూడా రానివ్వలేదు. వాడు వ్యాక్యూమ్ గొట్టం బెజ్జం కింద పట్టుకున్నాడు. పక్కింటి పిన్నిగారి మధ్యాహ్నం నిద్ర చెడకుండా ఒంటిగంటకే ఆపేశాం.

డిసెంబరు 27, శనివారం

రెసిన్ రోజు.

ఊదడం, బ్రష్షు, మళ్లీ ఊదడం. ఒక్కో బెజ్జానికి చేతి పంపుతో నాలుగు సార్లు అడుగు నుంచి ఊది, గుండ్రటి వైరు బ్రష్షు తిప్పుతూ నాలుగు సార్లు తోమి, మళ్లీ నాలుగు సార్లు ఊదాను. మొదటిసారి ఊది, శుభ్రమైందనుకుని బ్రష్షు పెడితే ఇంకో గుప్పెడు పొడి వచ్చింది. గోడకు అంటుకున్న ఆ పొర మీద రెసిన్ వేస్తే అది పొడికి అతుక్కుంటుంది, కాంక్రీటుకు కాదు. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. పని అయ్యాక ఎవరూ చూడని చోటు అది, అందుకే పదింటికీ నేనే చేశాను, ఎవరికీ అప్పగించలేదు.

ట్యూబు ముక్కులోంచి మొదట వచ్చే రెసిన్ రెండు రంగులుగా ఉంటుంది, అది పనికిరాదు. రంగు ఒకటయ్యేదాకా పాత పేపరు మీద వదిలేయాలి. ముక్కును బెజ్జం అడుగుకు ఆనించి, నింపుతూ వెనక్కు లాక్కోవాలి. లేకపోతే లోపల గాలి బుడగ ఉండిపోతుంది. సగం పైనే నింపి, రాడ్‌ను తిప్పుతూ దించాను. అంచున రెసిన్ పొంగి కనబడితేనే లోపల నిండినట్టు. ఎనిమిదో బెజ్జంలో పొంగలేదు. వెంటనే రాడ్ తీసి, ఇంకొంచెం నింపి, మళ్లీ దించాను. లోపల ఎక్కడో చిన్న గుల్ల ఉండి ఉంటుంది.

నా ట్యూబు మీద పట్టికలో ఈ వేడికి చేతిలో ఉండే సమయం 4 నిమిషాలు, గట్టిపడటానికి 40. డిసెంబరు ఉదయం కాబట్టి అంత. మే నెల ఎండలో అయితే రాడ్ దించేలోపే గట్టిపడుతుంది, తెల్లవారుజామున చేసుకోవాల్సిందే. నేను సాయంత్రం దాకా ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

డిసెంబరు 28, ఆదివారం

ప్లేట్లు, నిలువులు ఎక్కాయి. స్లాబు అంచుకూ ప్లేటుకూ మధ్య ఖాళీలు కుంచించుకుపోని గ్రౌట్, అంటే సందులు పూడ్చే సిమెంటు మాలుతో నింపాం. స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ రాడ్ మీద పొడిగా బిగిస్తే మరలు ఒకదానికొకటి కరుచుకుని ఇక కదలవు, అందుకని ప్రతి రాడ్ మరలకూ గ్రీజు. ఆటోనగర్‌లో బైకు మెకానిక్ దగ్గర టార్క్ రెంచ్, అంటే బిగింపు బలం (టార్క్) కొలిచే పానా, తెచ్చాను. పట్టికలో ఎం10కి 20 న్యూటన్ మీటర్లు. చేతికి అది తక్కువగా అనిపిస్తుంది. వెల్డరన్న ఇంకో చుట్టు వేయబోయాడు. "వద్దన్నా, ఇక్కడ ఎక్కువ బిగిస్తే రెసిన్ పట్టును మనమే లాగేసినట్టు" అన్నాను. రెంచ్ టక్‌మనగానే ఆపాడు. పై బీము దగ్గరి త్రూ బోల్టులకు డబ్బా మీద ఉన్న టార్క్ వేరు, దానికి అదే.

జనవరి 4, ఆదివారం

పరీక్ష. 50 కిలోల దాకా తూచే లగేజీ త్రాసును చేతి పైపుకు కట్టి, దానికి తాడు వేసి, కింద నేల మీద నుంచి నేనూ మా అబ్బాయీ బయటి వైపుకు లాగాం. ఒక్కో నిలువు దగ్గరా 50 చూపించేదాకా. ఎదురుగా గోడకు ఆనించిన స్కేలు మీద నాన్న కదలిక చదివారు: 6 మి.మీ., 7, 6, 7, 6. వదలగానే ప్రతిసారీ సున్నాకు వచ్చింది. పైపు వంగే మేర అంతే ఉంటుందని బావగారి లెక్కలోనూ ఉంది. ప్లేటు అంచున బ్లేడు దూరే సందు కూడా పడలేదు.

నాన్న ఇప్పుడు పైన మొక్కలకు నీడవల పందిరి అడుగుతున్నారు. ఆ నిలువులకు డాబా స్లాబును తొలవను. లోపల కరెంటు గొట్టాలు ఎక్కడెక్కడున్నాయో తెలియదు, నీరు దిగకుండా వేసిన పొర చెడుతుంది. పిట్టగోడ ఇటుకది. కట్టడాల మీద పడే బరువుల భారత ప్రమాణం ఐఎస్ 875లో విజయవాడకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి లెక్క. పందిరి పైకి లేస్తుంది. దాని గురించి సంక్రాంతికి బావగారు వచ్చాక కూర్చుని మాట్లాడాలి.

జనవరి 11, ఆదివారం

టార్క్ రెంచ్ తిరిగిచ్చే ముందు మధ్య నిలువులవి పది, పై బీమువి నాలుగు, మొత్తం పద్నాలుగు నట్లూ మళ్లీ చూశాను. రెండు కొద్దిగా తిరిగాయి, గ్రౌట్ సర్దుకున్న ప్లేట్ల దగ్గరివే. మిగతావి కదల్లేదు. ప్రతి నట్టు నుంచి ప్లేటు మీదికి సన్నని తెల్ల పెయింటు గీత గీశాను. నట్టు తిరిగితే గీత విరిగి కనబడుతుంది. అమ్మ పూల బుట్టతో పైకి వెళ్తూ ఆ గీతలు ఎందుకని అడిగింది, చెప్పాను. తొలకరి తరవాత ఒకసారి, దీపావళికి ఒకసారి చూసుకోవాలని క్యాలెండర్లో రాసి పెట్టాను.